బల్లమీది దీర్ఘకథ

మన చిత్తూరు సీమ ద్రౌపదమ్మ గుడులలో పగలు హరికథయై, రాత్రి వీధినాటకమై, అర్జునుని తపస్సు మ్రాను దాటి దుర్యోధన వధ వరకు భారతకథ దినదినము సాగుట మీరెరుగుదురు. 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటయందును మిత్రులు బల్ల చుట్టును చేరి, పాత్రలు ధరించి, అట్టి దీర్ఘకథనే నడుపుదురు. అంతము మాత్రము ముందుగా నెవరికిని తెలియదు.

ఈ ఆటకై అచ్చైన కథలలో దేనిని కొనవలెను? మొదట జట్టునడుగుడు. ఎన్ని మాసములు కూడగలరు? భయమా, యుద్ధమా, ఏది ప్రియము? 2016 నాటి ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ రక్తపిశాచి కోట కథ; గుర్రంకొండ దుర్గమెక్కినవారు దానిని చక్కగా వర్ణింపగలరు గాని, పిల్లలకది తగదని నా మతము. క్రొత్తవారికి 2014 నాటి ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ చాలును. మరల చెప్పుచున్నాను: కొనుటకు ముందే జట్టునడుగుడు. పిమ్మట జట్టులో కథ నడపువాడు గ్రంథమంతయు నొకమారు చదువుకొనవలెను.