తలుపు తీస్తే చాలదు, పీట వెయ్యాలె

(కొత్తవాళ్లతో సాఫ్ట్‌వేర్ పనికి సిద్ధమవుతున్న కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో కంప్యూటర్ మీద పనిచేసేటోళ్లున్నరు, దాన్ని ఎన్నడూ ముట్టనోళ్లూ ఉన్నరు. అందరికీ అర్థమయ్యేటట్టు మాట్లాడుకుందాం.

సాఫ్ట్‌వేర్ అంటే ఏంది? కంప్యూటర్ ఏం చెయ్యాలో రాసిపెట్టిన ఆదేశాలు. చానా కంపెనీలు ఆ రాతకు తాళం వేసి దాచుకుంటయి. దాన్ని అందరి ముందు పెడితే అది ఓపెన్ సోర్స్. ఎవరైనా చదవొచ్చు, వాడొచ్చు, దిద్దొచ్చు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అట్లాంటిదే. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి పత్రికాఫీసులో పుట్టింది. 2005లో అందరికీ విడుదలైంది. ఇయ్యాళ దేశదేశాలోళ్లు దాన్ని దిద్దుతున్నరు.

ఒకచోట కూడి, రెండు మూడు రోజులు గట్టిగా పనిచేసి తప్పులు దిద్దడాన్ని స్ప్రింట్ అంటరు. అమెరికాలో ఏటా జరిగే పైకాన్‌లో ముఖ్య సభ ముగిశాక ఈ పని సాగుతది. కొత్తవాళ్లు కూడా రావొచ్చు.

రావొచ్చు అన్నంత మాత్రాన వస్తరా? వచ్చినోళ్లు నిలుస్తరా? హక్కు కాగితం మీద ఉంటే చాలదని మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. చెరువు పూడిక తీద్దామని ఊరంతా పార పట్టుకొని వచ్చిందనుకోండి. ఎక్కడ తవ్వాలో ఎవరూ ముగ్గు పొయ్యలేదు. ఏం జరుగుతది? అలవాటైన నలుగురు తవ్వుతరు. మిగిలినోళ్లు చెట్టు కింద నిలబడి ఇంటికి పోతరు. తప్పు వాళ్లది కాదు, పిలిచినోళ్లది.

అందుకని ముందే చెయ్యవలసిన పనులు చెప్తాను.

మొదటిది, పని గుర్తించి పెట్టాలె. జాంగో తప్పుల జాబితాలో కొన్నింటికి ‘ఈజీ పికింగ్స్’ అని గుర్తుంటది. చేతికందే కాయలన్నమాట. వాటిని ముందుగా మళ్లీ చదవాలె. ఆ పని ఇంకా ఉన్నదా? వేరేవాళ్లు పట్టుకున్నరా? చూడకుండా ఇస్తే, రోజంతా కష్టపడ్డ మనిషికి సాయంత్రం ‘ఇది అక్కర్లేదు’ అని చెప్పవలసి వస్తది.

రెండోది, యంత్రాల తయారీ. వారం ముందు ఒక కొత్త కంప్యూటర్ తీసుకొని, రాసిన సూచనలు ఉన్నవి ఉన్నట్టు చేసి చూడండి. ఎక్కడ ఆగిందో అక్కడ సూచన తిరిగి రాయండి. జాంగో పరీక్షలను ఎస్‌క్యూలైట్‌తో నడపొచ్చు, వేరే డేటాబేస్ సర్వర్ పెట్టుకొనే పనిలేదు. వందమంది ఒకేసారి దింపుకుంటే నెట్ కూలబడుతది. కావలసినవన్నీ పెన్‌డ్రైవుల్లో పెట్టుకోండి.

మూడోది, మనుషులు. నలుగురైదుగురు కొత్తవాళ్ల పక్కన ఒక అనుభవస్తుడు కూర్చోవాలె. నోటితో చెప్పాలె గానీ, వాళ్ల కీబోర్డు లాక్కోవద్దు. ‘ఇది కూడా తెలవదా’ అన్న మాట ఆ గదిలో వినబడొద్దు. ఆ ఒక్క మాట మనిషిని జన్మకు దూరం చేస్తది.

నాలుగోది, కోడ్ ఒక్కటే పని అనుకోవద్దు. ఎవరో చెప్పిన తప్పు నిజంగా వస్తున్నదా అని చేసి చూడటం పని. అర్థంకాని సూచనలను సరళంగా రాయడం పని. జాంగో చూపే మాటలను తెలుగు చెయ్యడమూ పనే. కోడ్ రాయనోళ్లు కూడా చెయ్యగలిగే పని ఇది.

ఐదోది, స్ప్రింట్ అయిపోయినంక సంగతి. పంపిన దిద్దుబాటును అనుభవమున్నోళ్లు పరిశీలించి చేర్చాలె. నెలల తరబడి పలకకపోతే ఆ మనిషి మళ్లీ రాడు. కాబట్టి పరిశీలించేటోళ్ల దగ్గర ముందే మాట తీసుకోండి. ఆ రోజులకే కాదు, తర్వాత రెండు వారాలకు కూడా.

చివరికి ఒక్కటే లెక్క. ఎన్ని తప్పులు దిద్దినమన్నది కాదు. కొత్తగా వచ్చినోళ్లలో ఎందరు వచ్చే నెల తమంతట తాము మళ్లీ పనిలో కూర్చున్నరు? వాళ్లలో ఎందరు ఇంకొకరి పక్కన కూర్చొని నేర్పుతున్నరు? ఆ లెక్క పెరిగితేనే స్ప్రింట్ గెలిచినట్టు. పదండి, ముగ్గు పోద్దాం!