రోజు కిరాయి ముందు నెల కిరాయి నిలబడదు

దుఖాన్ నుంచి మాట్లాడుతున్న. ఇక్కడ మాది కంపెనీ క్యాంపు, కిరాయి గొడవ లేదు. కానీ ఎనభై కిలోమీటర్ల దూరంలో, దోహాలో మనోళ్లు చాలామంది సొంతంగా రూము పట్టుకొని ఉంటున్నరు. ఈ మాట వాళ్ల కోసం.

2022 వరల్డ్ కప్ గుర్తుంది కదా, నవంబర్ 20 నుంచి డిసెంబర్ 18 దాకా. వచ్చే జనానికి హోటళ్లు చాలవని అపార్ట్‌మెంట్లు కూడా తీసుకున్నరు. ఓనర్లు లెక్క వేసుకున్నరు. మీరూ వేయండి. నెలకు 5,000 రియాళ్లు వచ్చే ఫ్లాటు అనుకుందాం. రోజుకు 500 చొప్పున ఇస్తే పది రోజుల్లోనే నెల కిరాయి చేతికొస్తది. మిగతా ఇరవై రోజులు తాళం వేసినా నష్టం లేదు. ఇంక అగ్రిమెంటు అయిపోయినోళ్లకు ఏం చెప్తరు? ఖాళీ చెయ్, లేకపోతే పెంచిన రేటుకు రెండేళ్లు సైన్ చెయ్. ఫ్యామిలీతో ఉన్న ఇంజనీర్లకే ఈ గతి పట్టింది.

ఖాళీ చేసినోడు దేశం విడిచిపోడు కదా! ఇంకో చిన్న ఫ్లాటు వెతుక్కుంటడు. అందులో ఉండాల్సినోడు ఇంకా చిన్నదానికి దిగుతడు. అట్ల దిగి దిగి దెబ్బ బెడ్ స్పేస్ మీద పడ్తది. టూరిస్టు మన రూముకు రాకున్నా మన కిరాయి పెరిగేది అందుకే.

ఆ అక్టోబర్ చివర్లో దోహాలో డజనుకు పైగా బిల్డింగులు ఖాళీ చేయించిన్రని రాయిటర్స్ రాసింది. మన్సూరాలో ఒక బిల్డింగులో 1,200 మంది ఉన్నమని, రాత్రి ఎనిమిదింటికి వచ్చి రెండు గంటలే టైం ఇచ్చిన్రని అక్కడోళ్లు చెప్పిన్రు. దీనికీ వరల్డ్ కప్‌కూ సంబంధం లేదు, అందరికీ వేరే వసతి చూపించినం అని సర్కారు అన్నది. నాకైతే అక్కడ కనబడ్డది వేరే: అంతమందిలో కాగితం మీద పేరున్నోళ్లు ఎందరు?

2008 నాటి 4వ నంబరు చట్టం ప్రకారం ఓనరు అగ్రిమెంటు రిజిస్టర్ చేయించాలె. తగాదా వస్తే కమిటీ ఉంది. కానీ పార్టిషన్ కొట్టి బెడ్ ఇచ్చినోడి దగ్గర మన పేరు వాట్సాప్‌లో తప్ప ఎక్కడుంటది? పైగా ఫ్యామిలీ ఏరియాల్లో లేబర్ వసతి ఉండొద్దని 2010లో ఇంకో చట్టం వచ్చింది. అట్లాంటి చోట ఉన్నోడు కంప్లయింట్ ఇద్దామన్నా భయమే.

2023లో జనం పోయిన్రు, కిరాయిలు దిగినయి. పెద్ద రేటుకు రెండేళ్లు సైన్ చేసిన నా దోస్తు ఒకాయన మాత్రం ఆ రేటే కట్టుకుంటూ పోయిండు. బార్సిలోనాలో అయితే సుమారు పదివేల టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు 2028 తర్వాత ఇయ్యమని 2024లో చెప్పేసిన్రు. అక్కడ కిరాయిదారుకు ఓటుంది, ఇక్కడ మనకు లేదు.

అందుకే కొత్త రూముకు పోయే ముందు రిజిస్టర్ అయిన అగ్రిమెంటు కాపీ చూపించమనండి. ఖాళీ చేయాల్సొస్తే ఎన్ని రోజుల ముందు చెప్తరో రాయించుకోండి. కాపీ లేదు అంటే, ఎంత తెలిసినోడైనా సరే, నెలకు మించి అడ్వాన్సు చేతిలో పెట్టకండి.