పొయ్యి వెనక గోడ
(వార్షిక మహాసభలో చెవిటికల్లు సంఘ సభ్యురాలి ప్రసంగం)

మైకులో మాట్లాడటం నాకు కొత్త. మా వంటింటి గోడ గురించి చెప్పమన్నారు, అదే చెబుతాను.

1999లో దీపం పథకం వచ్చాక మన సంఘాల్లో చాలామందికి గ్యాస్ పొయ్యి వచ్చింది. నేల మీద పొయ్యి గట్టెక్కింది. పొగ పోయింది గానీ, పోపు చిటపటలు గోడకి కొట్టడం మొదలైంది. మా సున్నం గోడ జిడ్డు పట్టి నల్లబడితే రంగుల ప్లాస్టిక్ కాగితం అంటించాను. ఒకరోజు సెగకి అది కరిగి ముడుచుకుపోయింది. పక్కనే మా పాప ఉంది. గుండె ఆగినంత పనైంది. అక్కలూ, పొయ్యి వెనక ప్లాస్టిక్, కాగితం, గుడ్డ ఏవీ వద్దు.

టైల్స్ వేయించాలంటే గేదె కోసం తీసుకున్న అప్పులోంచి తీయాలి. గేదె పాలిస్తుంది, గోడ పాలివ్వదు కదా! అందుకని టైల్స్ కొట్లో పారేసే ముక్కలు, నాపరాయి పెచ్చులు, పగిలిన పింగాణీ కప్పులు పోగేశాను.

పెద్ద ముక్కల్ని గోనెసంచిలో పెట్టి సుత్తితో కొట్టాలి, కళ్ళలో పడవు. గోడ మీది జిడ్డు, సున్నం గీకేసి, అక్కడక్కడా ఉలితో చెక్కి, బాగా తడపాలి. ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ళు జల్లించిన ఇసుక. చేతులకి తొడుగులు వేసుకోండి, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. గోడంతా ఒకేసారి పూయకుండా, జానెడు జానెడు పూస్తూ ముక్కలు నొక్కాలి. మర్నాడు సందుల్లో తెల్ల సిమెంటు నింపి, ఆరకముందే తడిగుడ్డతో తుడవాలి. వారం రోజులు నీళ్ళు చల్లాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తుకి సగం బస్తా సిమెంటు కూడా పట్టలేదు.

పైవరసకి గాజుముక్కలు పెడతానంటే మా అత్తయ్య "పగిలిన గాజులు గోడకా? అరిష్టం" అంది. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టరు పగిలిన గాజులు, టైళ్ళతోనే తోట కట్టాడు, 1976లో దాన్ని జనానికి తెరిచారు అని చెప్పినా వినలేదు. సరే, పెద్దావిడ మాట తీసేయలేక, పగలనివి, చేతికి పట్టనివి పెట్టాను. అవీ మంటకి దూరంగానే, సెగకి గాజు చిట్లుతుంది. ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ గోడ ఆవిడే చూపిస్తోంది.

గేదె కిస్తీ ఒక్కటీ తప్పలేదు. మా సంచిలో ముక్కలు ఇంకా ఉన్నాయి, కావాల్సినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి. సెలవు.