అంబాసిడర్‌కు 70 ఏళ్లు



మన సంఘం 50 ఏళ్ల పండుగలో ఇంకొక పుట్టినరోజు సంగతి చెబుతాను. అంబాసిడర్ కారుది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1957లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తెచ్చారు. కలకత్తా దగ్గర ఉత్తరపారలో తయారయ్యేది. 2027కు 70 నిండుతాయి.

నా చిన్నప్పుడు పెద్దవంగరలో కారంటే కిరాయి అంబాసిడరే. పెండ్లికి అదే, అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే వరంగల్‌కు అదే. ఎనిమిది మందిని కుక్కినా మట్టి బాటలో కుంటకుండా పోయేదంటే వెనుక కమాన్ పట్టీల బలం. బ్యాటరీ దిగిపోతే ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లు. కార్బ్యురేటర్‌లో నలక పడితే జెట్ విప్పి నోటితో ఊదేవాళ్లు, అంతే! బడి మధ్యలో మానేసిన మెకానిక్‌లు ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు. నేను కాలేజీలో నాలుగేళ్లు చదివింది వాళ్ల చెవుల్లో ఉండేది.

అలాగని పొగడ్తే చాలదు. దశాబ్దాలు గడిచినా బండి పెద్దగా మారలేదు. 1983 చివర మారుతి వచ్చాక జనం అటు మళ్లారు. 2014లో తయారీ ఆగింది. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్స్ ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొన్నది. పానా పట్టిన చేతులకు మాత్రం ఎవరూ ధర కట్టలేదు.

సంఘానికి నాదొక విన్నపం. 2027లో ఒక పాత అంబాసిడర్‌ను బడి ఆవరణకు తెద్దాం. పదో తరగతి పిల్లల ముందు మన ఊరి పెద్ద మెకానిక్ ఎవరైనా బానెట్ ఎత్తి చూపించాలి. పానాలు నేను అందిస్తాను, కిరాయి నాది.