మనసు జబ్బుకు చికిత్స కూడా మన హక్కే



మన ఇళ్లలో జ్వరం వస్తే దాచం. మనసు కుంగితే దాస్తాం. ఆడపిల్ల అయితే సంబంధాలు తప్పిపోతాయని మరీ దాస్తాం. నిద్ర, తిండి మానిన బిడ్డను నెలల తరబడి గదిలో ఉంచి, జబ్బు ముదిరాక ఆస్పత్రికి పరుగెత్తుతాం. దువా చేయండి, దవా కూడా ఇప్పించండి. రెంటికీ వైరం లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమలులోకి వచ్చింది. మతం కారణంగా వివక్ష లేని చికిత్సను 18వ సెక్షన్, రోగి వివరాల గోప్యతను 23వ సెక్షన్ హక్కులుగా గుర్తించాయి. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ ఆదేశిస్తోంది.

అయితే, హక్కు చేతికందాలంటే విచారణ అవసరం. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కనుక చదువేమిటో అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. మందులు అవసరమైతే సైకియాట్రిస్టును కలవాలి. ఉర్దూలో తప్ప తన బాధ చెప్పుకోలేని తల్లికి ఉర్దూ తెలిసినవారినే వెదకండి.

ఇక బీమా. "మా దగ్గర ఇన్సూరెన్స్ చెల్లుతుంది" అన్న రిసెప్షన్ మాటతో తృప్తి పడకండి. కార్డు మీది నంబరుకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు వేయండి: ఈ ఆస్పత్రి మీ నెట్‌వర్క్‌లో ఉందా? ఆస్పత్రిలో చేరకుండా తీసుకునే కౌన్సెలింగ్‌కు చెల్లిస్తారా? నిరీక్షణ కాలం ఎంత? జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. విడిగా ఓపీడీ సదుపాయం లేకపోతే ప్రతి సిట్టింగు ఖర్చూ మనదే. అది ముందే తెలియక, డబ్బు చాలక, చికిత్స సగంలో ఆపడమే అసలు నష్టం. పాలసీ తీసుకునేటప్పుడు పాత జబ్బును దాచవద్దు; క్లెయిమ్ తిరస్కరణకు అదే సాకవుతుంది. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ న్యాయం జరగకుంటే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

బీమా లేనివారు నిరాశ పడనవసరం లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. టెలీ మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు ఉచితంగా పలుకుతుంది.

మసీదు కమిటీల పెద్దలకు ఒక్క మనవి: నమాజు వేళల పట్టిక పక్కనే ఈ నంబరు కూడా రాయించండి. సిగ్గుతో నోరు విప్పలేని యువకుడెవరైనా దాన్ని చూసి ఫోన్ చేయవచ్చు.