బావి ఈత – కడలి కెరటము

చేవెళ్ల, మోయినాబాదు ప్రాంతములలో సముద్రము లేదు. ఇది అందరెరిగిన సంగతియే. అయినను నేటి మా ప్రసంగము, సముద్రతీరమున కూలి చేసికొనుచు, తీరిక వేళల పలకపై నిలిచి కెరటముల మీద జారుచు కాలము గడపుచున్న ఒక యువకుని గూర్చినది. అతడు చేవెళ్ల వాడు. మా చెల్లెలి కుమారుడు. అతని ఇంటినుండి సముద్రమును చూడబోవలెనన్నచో మూడు వందల కిలోమీటర్లకు తక్కువ కాని ప్రయాణము చేయవలెను.

మా వైపు వారికి తెలిసిన పెద్ద నీరు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, అట్టి ఆపద మరల రాకుండుటకై ఈ రెండు జలాశయములను కట్టించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. అది కట్టకు లోబడిన నీరు. గాలి వీచినపుడు చిన్న తరగలు లేచును, గాలి తగ్గగానే అణగిపోవును. ఇక మా పిల్లలు ఈత నేర్చునది పాత మోటబావులలో. నడుమునకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, పైనుండి ఎవరో ఒకరు త్రోసివేయుదురు. మూడవ నాటికి బుర్ర అక్కరలేదు. మా మేనల్లుడు పదేండ్లకే గట్టుపైనుండి దూకి, అడుగున మట్టి పిడికిట పట్టి తెచ్చెడివాడు. ఊరిలో గజ ఈతగాడని పేరు. ఈ పేరే పిదప అతనిని ఎంత పనికి తెచ్చినదో ముందు చెప్పెదము.

మోయినాబాదు మండలములో, ఉస్మాన్‌సాగరు ఒడ్డున చిలుకూరు బాలాజీ ఆలయమున్నది. శ్రోతలలో పెక్కుమంది దర్శించియే యుందురు. అచట హుండీ లేదు. కోరిక గలవారు పదునొకండు ప్రదక్షిణములు చేసి, కోరిక నెరవేరిన పిమ్మట తిరిగి వచ్చి నూట ఎనిమిది చేయుట ఆచారము. విదేశములకు పోగోరు యువకులు అంతగా వత్తురు గనుక జనులు ఆ స్వామికి వీసా బాలాజీ అని ముద్దుపేరు పెట్టినారు. వారిలో అధికులు పై చదువులకో, కంప్యూటరు కొలువులకో పోవువారు. మావాడు మరియొక విధమైన వీసాకై ప్రదక్షిణము చేసెను.

భారత, ఆస్ట్రేలియా దేశముల వర్తక ఒప్పందము 2022 డిసెంబరు 29న అమలులోనికి వచ్చినది. దానిని అనుసరించి ఏటా వేయిమంది భారతీయ యువజనులు ఆ దేశమున ఒక సంవత్సరము తిరుగుచు, తిరుగుటకు కావలసిన సొమ్మును అచటనే పని చేసి సంపాదించుకొనవచ్చును. వయస్సు 18 మొదలు 30 వరకు ఉండవలెను. పాఠశాల చదువు ముగిసిన తరువాత మరి రెండేండ్లయినను చదివి యుండవలెను. కోరువారు వేలకు వేలు గనుక 2024లో తొలిసారి చీటీలు తీసినట్లు తీసి ఎన్నిక చేసిరి. మరుసటి ఎన్నికలో మావాని పేరు వచ్చినది.

ఇంట సంతోషమునకు బదులు వాదము బయలుదేరెను. పని చేయుచు తిరుగుట అను మాటయే మా చెల్లెలికి రుచింపలేదు. తిరుగువానికి పని యేమి, పని గలవాడు తిరుగుట యేమి? ఆమె మమ్ముల నడిగిన ప్రశ్న ఇది: "అన్నా, ఇక్కడ మన చేన్ల టమాట తెంపుమంటే నామోషీ అన్నోడు, ఆడికి పోయి పండ్లు తెంపుతడా? బీకాం చదివింది గిందుకేనా?"

ఈ ప్రశ్నకు ఆనాడు మాకు జవాబు తోచలేదు. కుర్రవాని పక్షము వహించినది మేమే గనుక, తోచకున్నను తోచినట్లు ఏదో పలికితిమి. తన కోడిపిల్లలను ఆమె రెక్కల క్రిందనే ఉంచుకొనును గదా అని పరిహాసమాడితిమి కూడ. ఆ పరిహాసము నేటికిని మాకు గ్రుచ్చుకొనుచునే యున్నది.

అతడు చేరిన ఊరు వుల్‌గూల్గా. సిడ్నీ నగరమునకు ఉత్తరముగా సుమారు 550 కిలోమీటర్ల దూరమున, తూర్పు తీరమునందలి చిన్న పట్టణము. మన విశాఖ వలెనే అచటను సూర్యుడు సముద్రమునుండి ఉదయించును. ఊరి వెనుక కొండవాలులపై పూర్వము అరటితోటలుండెడివి. ఆ తోటలలో పని చేయ వచ్చిన పంజాబు సిక్కులు క్రమముగా తోటల యజమానులైరి. వారు 1968లోనే గురుద్వారమును తెరచిరి. నేడు ఆ వాలులలో పెక్కింట అరటికి మారుగా బ్లూబెర్రీ అను చిరుపండ్ల తోటలు, పైన వలలు కప్పి, కనబడును. ఆ పండు చిన్న నేరేడువలె నీలముగా నుండి, పైన సన్నని బూడిదపొడి వంటి పూత గలిగి యుండును. ఆ పూత చెదరకుండ కోయవలెను. గోరు తగిలినచో పండు పనికిరాదు. నడుమునకు బుట్ట కట్టుకొని, పండిన దానిని విడిచి పండనిదానిని త్రుంపకుండ, బొటనవ్రేలితో దొర్లించి రాల్చవలెను.

చేమంతులు, గులాబీలు కోసిన చేవెళ్ల చేతికి ఇది కొత్త విద్య కాదు. మొదటి వారముననే మావాడు తోడివారికంటె ఎక్కువ తూకము చూపెనట. పూర్వము అచట తూకమును బట్టియే కూలి. నెమ్మదిగా కోయువానికి తిండి ఖర్చు సైతము దక్కెడిది కాదు. 2022 ఏప్రిలు నుండి, తూకము ఎంతయైనను గంటకు ఇంత అని కనీసపు కూలి ఈయక తప్పదను నిబంధన వచ్చినది. తల్లి ప్రశ్నను మేము ఫోనులో అతనికి వినిపింపగా అతడిట్లనెను: "మామా, మన టమాట బండికెక్కేటప్పుడు ధర తెల్వది. దిగినంక గూడ తెల్వది. ఇక్కడ పొద్దున బుట్ట కట్టుకునేటప్పుడే నాకెంతొస్తదో తెలుసు." నామోషీ పని వలన కాదు, లెక్క తెలియమి వలన కలిగినదని మేము అప్పుడు గ్రహించితిమి. చెల్లెలు మాత్రము ఒప్పుకొనలేదు.

ఇక సముద్రము మాట. ఈ సంగతి చెప్పుటకు కొంత సంకోచించితిమి. కాని వేసవి సెలవులలో మన పిల్లలు బస్సులెక్కి విశాఖకో, సూర్యలంకకో పోవుచున్నారు గనుక చెప్పుటయే మేలని తలచితిమి.

ఆ దేశపు తీరములలో ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు నాటుదురు. కాపువారు కనిపెట్టి యుండు భాగము ఆ రెంటి నడుమనే. స్నానము చేయువారు ఆ నడుమ దిగవలెను. మొదటి ఆదివారము మావాడు అట్లు దిగ నొల్లలేదు. జెండాల నడుమ తెల్లని నురుగుతో కెరటములు విరిగిపడుచుండెను. కొంత దూరమున ఒక చోట కెరటమే లేక నీరు చదునుగా, నల్లగా, మా బావినీటివలె నెమ్మదిగా కనబడెను. గజ ఈతగాడు గదా! అచట దిగెను.

ఆ నెమ్మదియే మోసము. కెరటములు ఒడ్డునకు మోసికొని వచ్చిన నీరంతయు మరల లోనికి పోవలెను గదా. అది ఇసుకలో పల్లముగా నున్న చోటును వెదకికొని, కాలువ కట్టి, వేగముగా వెనుకకు పారును. పల్లమైన చోట కెరటము విరుగదు. అందుచే తెలియనివాని కంటికి అదియే క్షేమమైన చోటుగా తోచును. ఇంగ్లీషున దీనిని రిప్ కరెంటందురు. మన విశాఖ తీరముననేగాక, కెరటములు విరుగు ఇసుక తీరములలో పెక్కింట ఇది యున్నది. దానికి ఎదురీది ఒడ్డు చేరగల మొనగాడు అరుదు. ఎదురీదువాడు అలసిపోవును, అలసట వలననే ప్రాణము పోవును. చేయవలసినది వేరు: వెల్లకిల తేలుచు, చేయి పైకెత్తి పిలువవలెను, బలమున్నచో ఒడ్డునకు కాక, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది ఆ కాలువను దాటవలెను. బావిలో ప్రక్క యనునదే లేదు. ఎటు ఈదినను గట్టే. కావున మావాడు ఎదురీదెను.

కాపువాడొకడు పొడవైన పలకపై బోర్ల పరుండి, చేతులతో తోసికొనుచు వచ్చి అతనిని పలకపైకి లాగుకొనెను. ఒడ్డున వాంతి చేసికొని, లేచి కూర్చుండి, మొదట అడిగినది ఆ పలక పేరట.

అట్టి పలకలకు జన్మస్థానము హవాయి మొదలగు పసిఫిక్ దీవులు. అచటివారు పలకలపై కెరటముల నెక్కుటను కెప్టెన్ కుక్ ఓడలలోని వారు 1779లోనే వ్రాసియుంచిరి. హవాయి వాడైన డ్యూక్ కహనమోకు 1912 ఒలింపిక్సులో ఈత పందెము గెలిచిన వీరుడు. అతడు 1914–15 వేసవిలో సిడ్నీకి వచ్చి, అచటి కలపతోనే పలక చెక్కుకొని కెరటముపై నిలిచి చూపగా ఆ దేశమంతయు విరగబడి చూచెను. టోక్యో ఒలింపిక్సులో ఈ సర్ఫింగు తొలిసారి పోటీ ఆటయైనది. తెప్పపై నిలిచి విరుగు కెరటమును దాటి పోవు మన జాలరులకు ఈ విద్య కొత్తది కాదు. వారికది ఆట కాదు, అంతే భేదము.

మావాడు పాత పలక నొకదానిని కొని, నాలుగు నెలలు తెల్లవారుజామున విరిగిన నురుగులోనే అభ్యసించెను. లేచి నిలుచుట రెండు క్షణముల పని. ఆ రెండు క్షణములకై గంటసేపు నీటిలో కూర్చుండి సముద్రమును చూడవలెను. అతడు నేర్చినది ముఖ్యముగా ఈ చూచుటయే. ఎచట నురుగు లేదో, ఎచట నీరు మట్టిరంగుగా లోనికి పోవుచున్నదో, ఎన్ని చిన్న కెరటముల పిమ్మట పెద్దవి వరుసగా వచ్చుచున్నవో! అచటి కెరటము అచటి గాలికే పుట్టినది కానక్కరలేదు. వేల కిలోమీటర్ల ఆవల దక్షిణ సముద్రములలో రేగిన తుఫాను దానిని పంపియుండవచ్చును. మన తీరములకు అట్టి కెరటములను గూర్చి ముందుగా హెచ్చరించు కేంద్రము 1999 నుండి, సముద్రము లేని మన హైదరాబాదులోనే పని చేయుచుండుట అతడు చెప్పువరకు మేమెరుగము.

మునిగిన సంగతిని అతడు మాకు చెప్పెను గాని తల్లికి చెప్పవలదనెను. మేము మూడు వారములు దాచి, దాచలేక చెప్పితిమి. ఆమె మమ్ముల నేమియు ననలేదు. నాటినుండి ఆదివారము ఫోనులో, తిన్నావా అని అడుగుటకు ముందే, "జెండాల నడుమనే దిగినవా?" అని అడుగుచున్నది. పలక గలవారు ఆ జెండాల వెలుపలనే ఉండవలెనని, లోపలికి తెచ్చినచో స్నానము చేయువారికి దెబ్బ తగులునని అతడు ఓపికతో వివరించెను. ఇప్పుడామె ప్రశ్న మారినది: "జెండా కండ్లకు కనవడేటంత దూరంల ఉన్నవా?"

అచటి నియమమును బట్టి, ఆ వైపు తోటలలో మూడు నెలలు పని చేసినవారు రెండవ సంవత్సరము ఉండుటకు అర్జీ పెట్టుకొనవచ్చును. మావానికి మూడు నెలలు నిండినవి. చిలుకూరులో నూట ఎనిమిది ప్రదక్షిణములు బాకీ యున్నవని తల్లి జ్ఞాపకము చేసినది. వచ్చెదనని అతడనెను, ఎప్పుడో చెప్పలేదు.