బొమ్మ అమ్మిన డబ్బులో అడవికీ వాటా
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీలో చాలామంది బొమ్మలు వేస్తున్నారు. గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్ముతున్నారు కూడా. సంతోషం. ఆ డబ్బులో అడవికి కూడా కొంత వాటా తీయండని అడగడానికి వచ్చాను.

నీలగిరి ప్రాంతంలో బెట్ట కురుంబ, పణియ, కాట్టునాయకన్, సోలిగ అనే ఆదివాసులున్నారు. అక్కడి అడవిని లంటానా కంప కమ్మేసింది. మన కొండల్లోనూ ఆ కంప మీకు తెలిసిందే. అది దట్టంగా అల్లుకున్న చోట గడ్డి మొలవదు, జంతువులకు మేత దొరకదు. వాళ్లు ఆ కంపనే కొట్టి తెచ్చి, ఉడకబెట్టి, బెరడు తీసి, ఇనుప చట్రం చుట్టూ వంచి నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేస్తున్నారు. తమ ఊళ్ల చుట్టూ తిరిగే ఏనుగుల పోలికలే ఆ బొమ్మల్లో దింపారు. 2021లో అవి లండన్ పార్కుల్లో నిలబడ్డాయి. 2024లో వంద ఏనుగులు అమెరికాలో ఊరూరా తిరిగాయి. చేసినవాళ్లకు పని దొరికింది. అమ్మకాల డబ్బు మనుషులూ జంతువులూ ఒకేచోట బతికేలా చూసే పనులకు వెళ్తోంది.

ఆ నీలగిరుల్లోనే ముదుమలై అడవిలో తెప్పకాడు ఏనుగుల శిబిరం ఉంది. తల్లి లేని రఘు అనే గున్న ఏనుగును బొమ్మన్, బెల్లి పెంచిన కథ 2023లో ఆస్కార్ గెలుచుకుంది. వాళ్లు కాట్టునాయకన్లు, మనలాంటి అడవి బిడ్డలే. తల్లి లేని పిల్లను బతికించాలంటే పాలు కావాలి, మందులు కావాలి, రాత్రీ పగలూ పక్కనే ఉండే మనిషి కావాలి. జాలి ఒక్కటే చాలదు, ఖర్చు ఉంటుంది.

ఇక మన రాష్ట్రం సంగతి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి కూనలు దొరికాయి. తల్లితో కలపాలని చూశారు, కుదరలేదు. తిరుపతి జూకి తరలించారు. అదే ఏడాది మేలో మన భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. ఏనుగులు మన చేలు తొక్కుతున్న మాట నిజం. మనవాళ్ల ప్రాణాలు తీసిన మాటా నిజం. పంట పోయిన రైతు దగ్గరికెళ్లి ఏనుగును ప్రేమించమని నేను చెప్పలేను. కానీ ఏనుగుల గురించి, అడవి గురించి నిర్ణయాలు జరిగేటప్పుడు మనల్ని బయట నిలబెడితే నష్టం మనకే. మన చేతి కష్టంతో, మన సంఘం పేరుతో వాటా వేసిననాడు మన మాట కూడా వినమని గట్టిగా అడగగలం.

ఎలా చేయాలి? మొదట పెద్దలను అడగండి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే మన సవర బొమ్మ పూజకు సంబంధించింది. ఏది అమ్మవచ్చో, ఏది గోడ మీదే ఉండాలో వాళ్లే చెప్పాలి. రెండోది, వేసినవాళ్ల కూలి ముందు తీయండి. ఆకలితో ఉన్న చేయి అడవిని కాపాడలేదు. కూలి, రంగుల ఖర్చు పోగా మిగిలినదాంట్లో పదో వంతు పక్కన పెట్టండి. మూడోది, లెక్క రాయండి. ఏ బొమ్మ ఎవరు వేశారు, ఎంతకు పోయింది, అడవి వాటా ఎంత అన్నది సంఘం పుస్తకంలో ఉండాలి. విశాఖ ఇందిరాగాంధీ జూలో జంతువులను దత్తత తీసుకునే పథకం ఉంది. సంఘం పేరుతో కట్టి, రసీదు అందరికీ చూపించండి.

ఒక హెచ్చరిక కూడా. గోళ్లు, చర్మం, పొలుసులు, రామచిలుక పిల్లలు కావాలని సంతలో ఎవరైనా అడిగితే ఆశపడొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు పోయేది మన కుర్రాడే, కొనేవాడు తప్పించుకుపోతాడు. అడవిలో పిల్ల జంతువు ఒంటరిగా కనబడితే ఎత్తుకురావద్దు. తల్లి దగ్గర్లోనే మేతకు వెళ్లి ఉండొచ్చు. దూరంగా ఉండి అటవీశాఖకు చెప్పండి.

జంతువును అమ్మితే ఒక్కసారే డబ్బు. దాని బొమ్మ అమ్మితే అడవి ఉన్నన్నాళ్లూ డబ్బు. ఈ లెక్క మా మూడో తరగతి పిల్లలకు కూడా అర్థమైంది. మీకూ అర్థమవుతుందని నమ్ముతూ సెలవు తీసుకుంటున్నాను.

జై ఆదివాసీ!